పగిలిన యుకులేలే టాప్: అతికించాలా, మార్చేయాలా?

నాలుగుతీగలు
అందరికీ నమస్కారం. నాది చేత్తో చేసిన కాన్సర్ట్ సైజు యుకులేలే, అదే గిటార్ లాంటి నాలుగు తీగల చిన్న వాయిద్యం. మొత్తం హవాయిలో పెరిగే కోవా చెక్క. ఏడేళ్లుగా వాయిస్తున్నాను. పోయిన వారం మా తమ్ముడు దాన్ని బ్యాగ్‌లో పెట్టి జిప్ వేయడం మరిచిపోయాడు. నేనూ చూసుకోకుండా బ్యాగ్ భుజానికి తగిలించుకున్నాను. అది జారి సరిగ్గా గడప మీద పడింది. టాప్ మీద, అంటే ముందు పలక మీద, కింది అంచు నుంచి దాదాపు తీగలు కట్టే బ్రిడ్జి దాకా పగులు, వేలెడంత పొడవు. నెక్‌కు ఏమీ కాలేదు. దీన్ని తయారు చేసినాయన ఫొటోలు చూసి రెండు దారులు చెప్పారు. లోపలి నుంచి చెక్క బిళ్లలు వేసి అతికించడం ఒకటి, అప్పుడు గీత కనబడుతూనే ఉంటుంది. టాప్ మొత్తం మార్చడం రెండోది, అది కొత్తదానిలా ఉంటుంది. ఎటూ తేల్చుకోలేక తెగ టెన్షన్ పడుతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

శ్రుతిపెట్టె
మార్చేయండి. నేను ఒకసారి అతికించి చూశాను. ఏడాది తిరక్కుండా ఎండాకాలంలో మళ్లీ అక్కడే నోరు తెరుచుకుంది. పైగా వాయించినంతసేపూ కళ్లు ఆ గీత మీదికే పోతాయి. ఇంకో సంగతి, యుకులేలే మొదటి నుంచీ పూజగదిలో పెట్టుకునే వస్తువు కాదు. 1879లో రావెన్‌స్క్రాగ్ ఓడలో పోర్చుగల్ దీవి మదీరా నుంచి హవాయిలోని హొనొలులుకు వచ్చిన న్యూనెస్, డియాస్, ఎస్పిరిటో శాంటో ముగ్గురూ కుర్చీలు, బీరువాలు చేసే వడ్రంగులే. పలక పాడైతే పలక మార్చుకోవాలి, అంతే.

వడ్రంగిపిట్ట
శ్రుతిపెట్టె గారూ, బీరువా తలుపు పగిలితే ఏ వడ్రంగీ బీరువా ముఖమంతా ఊడదీయడు కదండీ! టాప్ మార్చడమంటే బ్రిడ్జి ఊడదీయాలి, అంచు పట్టీ చెక్కేయాలి, తీగలు నొక్కే ఫింగర్‌బోర్డు చివర లేపాలి, మళ్లీ పాలిష్ పట్టాలి. వేలెడు పగులుకు అంత కోతా? ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంది.

ఆ టాప్ మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కోవా పలక ఏ రెండూ ఒకేలా పలకవు. కొత్తది వేస్తే మంచిగానే మోగొచ్చు, కానీ ఏడేళ్లుగా నాలుగుతీగలు గారు విన్న గొంతు అది కాదు.

మీ అతుకు ఎందుకు ఊడిందో ఊహించగలను. చెక్క తడి ఆరిపోయి ముడుచుకున్నప్పుడు పగులు విచ్చుకుంటుంది. అలా విచ్చుకుని ఉండగానే జిగురు నింపి, లోపల బిళ్లలు వేయకుండా వదిలేసి ఉంటారు. ముందు వాయిద్యాన్ని కొన్ని రోజులు 50 శాతం తేమలో ఉంచాలి. చాలాసార్లు పగులు దానంతటదే దగ్గరికి వస్తుంది. అప్పుడు జిగురు పెట్టి, లోపల పలచని చెక్క బిళ్లలు వేయాలి. బిళ్లలోని చెక్క నార పగులుకు అడ్డంగా ఉండాలి. అది ముఖ్యం.

శ్రుతిపెట్టె
బిళ్లలు వేయలేదు, నిజమే. కానీ యుకులేలే రంధ్రంలో నా చెయ్యే పట్టలేదండీ, బిళ్లలు ఎలా వేస్తారు?

వడ్రంగిపిట్ట
అయస్కాంతాలతో. బిళ్లకు జిగురు రాసి, దాని మీద ఒక చిన్న అయస్కాంతం పెట్టి లోపలికి పంపుతాం. పైన ఇంకో అయస్కాంతం, పాలిష్ చెడకుండా దాని కింద ప్లాస్టిక్ ముక్క. పైది జరుపుతుంటే లోపలిది వెంట వస్తుంది. సరిగ్గా పగులు మీదికి రాగానే వదిలేయడమే. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది.

తొందరబాబు
ఇంత రాద్ధాంతం ఎందుకు? రెండు చుక్కలు సూపర్ గ్లూ వేసి పది నిమిషాలు నొక్కి పట్టుకోండి. నా యుకులేలే అలాగే నడుస్తోంది.

వడ్రంగిపిట్ట
బాబూ, నడుస్తుంది. కానీ పలచటి సూపర్ గ్లూ చెక్కలోకి పీల్చుకుని పగులు చుట్టూ నల్లటి చార వేస్తుంది, అది ఉప్పుకాగితంతో కూడా పోదు. ఒకసారి అది ఇంకితే తర్వాత వేరే జిగురు పట్టదు. పాలిష్ మీద చిన్న గుంటలు నింపడానికి నేనూ వాడతాను, కాదనను. పగులుకు మాత్రం వద్దు. తోలుతో కాచే పాత రకం జిగురైతే వేడి, తడి తగిలితే మళ్లీ విడివడుతుంది. రేపు ఇంకెవరైనా విప్పి సరిచేయాలన్నా వీలుంటుంది.

శ్రుతిపెట్టె
సరే, బిళ్లల సంగతి ఒప్పుకున్నాను. గీత మాత్రం నాకిప్పటికీ నచ్చదు. అమ్మాలనుకుంటే విలువా తగ్గుతుంది.

వడ్రంగిపిట్ట
తగ్గుతుంది, అది నిజం. నాలుగుతీగలు గారు అమ్మేలా ఉన్నారా?

నాలుగుతీగలు
అమ్మను! రాత్రి గదిలో లైటు తీసేసి, రంధ్రంలోంచి ఫోన్ లైట్ వేసి చూశాను. పగులు వెంబడి సన్నటి వెలుగు గీత, బ్రిడ్జికి ఒక బియ్యపుగింజ దూరంలో ఆగిపోయింది. వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే అన్నిచోట్లా టక్ టక్ అంది, కింది అంచు దగ్గర మాత్రం గరగరమంది. చూస్తే లోపలి బద్ద ఒకటి చివర లేచి ఉంది. చేసినాయనకు చెబితే, అదీ కలిపి అతికిస్తానన్నారు. అతుకే వేయించాలనుకుంటున్నాను. మా తమ్ముడే కొత్త టాప్ వేయించు, డబ్బులు నేనిస్తానని పట్టుబడుతున్నాడు. వాడికి ఆ గీత కనబడకపోతే చాలు.

శ్రుతిపెట్టె
మీ తమ్ముడు, నేనూ ఒక పార్టీ అన్నమాట.

నాలుగుతీగలు
వడ్రంగిపిట్ట గారూ, ఒక్క మాట. పంపేదాకా తీగలు పూర్తిగా తీసేయాలా, వదులు చేస్తే చాలా?

వడ్రంగిపిట్ట
వదులు చేస్తే చాలు. నాలుగు నైలాన్ తీగల లాగుడు స్టీల్ గిటార్ లాగుడులో మూడో వంతు కూడా ఉండదు. పగులు మీద వేలు పెట్టి నొక్కి చూడడం మాత్రం మానేయండి. జిడ్డు దిగిన చోట జిగురు పట్టదు.

నాలుగుతీగలు
అయ్యో, రోజుకు పదిసార్లు అదే పని చేస్తున్నాను!