చార్టర్ లాటరీ: వెయిట్‌లిస్టులో నంబరు వెనక్కి పోతే ఏం అడగాలి? (నార్త్ కరోలినా)

మోరిస్‌విల్_అమ్మ:
చార్టర్ స్కూల్ (ప్రభుత్వ డబ్బుతో, సొంత బోర్డు కింద నడిచే స్కూలు) కిండర్‌గార్టెన్ సీట్ల లాటరీ అయ్యాక వెయిట్‌లిస్టులో 14 అని చూపించిన నంబరు నెల తిరక్కుండానే 19 అయింది. అడిగితే "ప్రయారిటీ పిల్లలు వచ్చారు" అంటున్నారు, అంతే. అలా మార్చే హక్కు వాళ్లకుందా? కంప్లైంట్ ఇస్తే దేన్ని పట్టుకోవాలి? కవలలకి ఒకే చీటీ అన్నది కూడా నిజమేనా?

రాలీ_శ్రీను:
నంబరు పెరిగినంత మాత్రాన మోసం జరిగినట్టు కాదండి. ముందు ఏడాదే చేరి చదువుతున్న పిల్లాడి చెల్లి ఆలస్యంగా అప్లై చేసినా, స్కూలు పాలసీలో తోబుట్టువుల ప్రయారిటీ ఉంటే కిండర్‌గార్టెన్ లిస్టులో పైకెక్కొచ్చు. అలాంటి కుటుంబాలు ఐదుంటే 14 కాస్తా 19.

ఇక్కడి చట్టం 115సి-218.45. తోబుట్టువులకి ప్రయారిటీ "ఇవ్వొచ్చు" అంటుందే గానీ ఇచ్చి తీరాలనదు. అందుకే స్కూలు బోర్డు ఆమోదించిన పాలసీలో ఏముందన్నదే అసలు సంగతి. ఆ పాలసీ లాటరీకి ముందే ఉందా, తర్వాత మార్చారా? తోబుట్టువు "చేరి ఉండాలి" అని రాసుకుని, సీటు ఆఫర్ చేసిన రోజునే పైకి జరిపారా? పట్టుకుంటే ఇక్కడే పట్టుకోవాలి.

ఫుల్‌టైమ్ ఉద్యోగుల, బోర్డు సభ్యుల పిల్లలకిచ్చే ప్రయారిటీకి 15 శాతం పరిమితి ఉంది. లెక్క స్కూలు మొత్తం మీద, ఒక్క తరగతి మీద కాదు. 600 మంది ఉన్న స్కూల్లో 90 దాకా కుదురుతుంది. కాబట్టి "కిండర్‌గార్టెన్‌లో సగం టీచర్ల పిల్లలే" అన్న వాదన ఒక్కటే నిలబడదు.

చార్టర్లు పబ్లిక్ రికార్డ్స్, ఓపెన్ మీటింగ్స్ చట్టాల కిందికొస్తాయి. ఈమెయిల్లో ఇవి అడగండి: తేదీతో సహా అడ్మిషన్ పాలసీ, ఒక్కో ప్రయారిటీ కింద నిండిన సీట్లు, లాటరీ రోజు లిస్టు, ఇప్పటి లిస్టు. పిల్లల పేర్లు కొట్టేసి ఇమ్మని మీరే రాయండి. లేకపోతే ఫెర్పా (విద్యార్థుల వివరాల గోప్యత చట్టం) పేరు చెప్పి వెనక్కి పంపుతారు.

ఎపెక్స్_వాణి:
కవలల సంగతి నిజమే. చట్టమే ఒక్క ఇంటిపేరు చీటీ వేయమంటుంది, అది తగిలితే ఇద్దరికీ సీటు. మన వాళ్లకి చిక్కొచ్చేది పాస్‌పోర్టు పేర్ల దగ్గర. ఒకరి లాస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు, ఇంకొకరికి నాన్న పేరు ఉంటే, రెండు అప్లికేషన్లని సిస్టమ్ తనంతట తాను కలపకపోవచ్చు. సిబ్లింగ్ కాలమ్ నింపి, రెండు కన్ఫర్మేషన్ నంబర్లూ వేసి, లాటరీకి ముందే ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. తర్వాత అడిగితే "లాటరీ అయిపోయింది" అంటారు.

బే_ఏరియా_రవి:
కాలిఫోర్నియా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే రూల్స్ తెచ్చి అక్కడ వాదించకండి. మా కాలిఫోర్నియాలో ఎడ్యుకేషన్ కోడ్ 47605 ప్రకారం ప్రయారిటీ ఇవ్వడానికి పేరెంట్ వాలంటీర్ గంటలు షరతుగా పెట్టకూడదు, చేర్చుకోకముందు పిల్లల రికార్డులు అడక్కూడదు. 2016లో పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ వాళ్లు లెక్క తీస్తే అడ్డదిడ్డమైన అడ్మిషన్ షరతులున్న చార్టర్లు 253 తేలాయి. ఆ గొడవల తర్వాతే రూల్స్ బిగిశాయి. కంప్లైంట్ వెళ్లేది చార్టర్ మంజూరు చేసిన సంస్థకి.

రాలీ_శ్రీను:
అవును. ఇక్కడైతే ముందు స్కూలు బోర్డుకి గ్రీవెన్స్, ఆ తర్వాత రాష్ట్ర ఆఫీస్ ఆఫ్ చార్టర్ స్కూల్స్. 2023 నుంచి చార్టర్ల మంజూరు, రద్దు చూసేది చార్టర్ స్కూల్స్ రివ్యూ బోర్డు.

కోర్టు సంగతి కూడా చెప్పేస్తాను. డ్రెస్ కోడ్ మీద నడిచిన పెల్టియర్ కేసులో ఇక్కడి చార్టర్ స్కూలు ప్రభుత్వం తరఫున పనిచేస్తున్నట్టేనని ఫోర్త్ సర్క్యూట్ (ఫెడరల్ అప్పీల్ కోర్టు) 2022లో తేల్చింది. 2023లో సుప్రీంకోర్టు దాన్ని వినడానికి ఒప్పుకోలేదు. కాబట్టి వివక్ష చూపారంటే రాజ్యాంగం కింద వెళ్లే దారి ఉంది. వెయిట్‌లిస్టు వరస తప్పిందన్న దానికి మాత్రం అది పనికిరాదు, రాష్ట్ర చట్టం మీదే వాదించాలి. పైగా తీర్పొచ్చేసరికి పిల్ల ఒకటో తరగతిలో ఉంటుంది, ఆల్రెడీ చేరిన పిల్లల్ని తీసేసి సీటివ్వమని జడ్జి చెప్పడం కష్టం. వరస సరిచేయించుకోవాలంటే స్కూళ్లు తెరవకముందే, ఆ రికార్డులు చేతిలో పెట్టుకుని బోర్డు మీటింగులో అడగాలి.