లిథియంతో థైరాయిడ్ వచ్చింది, మానసిక మందు ఆపాలా?

మిర్యాలగూడ అన్న: మా చెల్లెకు బైపోలార్, అంటే అతి హుషారు, దిగులు మారి మారి వచ్చే మానసిక జబ్బు. దానికి లిథియం వాడుతోంది. ఈ మధ్య ఒళ్లు ఉబ్బింది, పొద్దంతా పడుకునే ఉంటోంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ 18 వచ్చింది, అది పెరిగిందంటే థైరాయిడ్ తగ్గినట్టట. థైరాయిడ్ తగ్గినా మతి చెడుతుందట కదా? మరి లిథియం ఆపి థైరాయిడ్ గోలీ ఒక్కటే వేస్తే చాలదా? నాన్న అదే అంటున్నాడు.

పాలమూరు సిస్టర్: ఆపొద్దు తమ్మీ. థైరాయిడ్ గ్రంథి నుంచి హార్మోన్ బయటికి రాకుండా లిథియమే అడ్డుకుంటుంది. థైరాక్సిన్, అదే థైరాయిడ్ గోలీ, కలిపి రెండూ వాడిస్తారు. లిథియం ఉన్నపళంగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. డాక్టర్‌ను అడగకుండా ఏదీ మార్చకండి.

దేవరకొండ రైతు: మందు తెచ్చిన జబ్బుకు ఇంకో మందా? 1949లోనే ఇంగ్లాండులో రిచర్డ్ ఆషర్ అనే డాక్టర్, థైరాయిడ్ తగ్గి మతి చెడిన 14 మంది గురించి రాశాడు. థైరాయిడ్ మందుతోనే చాలామంది బాగయ్యారు.



పాలమూరు సిస్టర్: ఆషర్ చూసినవాళ్లకు థైరాయిడే మూలం. తమ్మీ, లిథియం మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ ఎంత?

మిర్యాలగూడ అన్న: నార్మల్.

పాలమూరు సిస్టర్: మరి బైపోలార్ ముందే ఉన్నట్టే కదా! ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చూడాల్సింది.

దేవరకొండ రైతు: ఎవరు చూస్తారక్కా? నా భార్యకు రిస్పెరిడోన్ అనే మానసిక జబ్బు మందు ఇచ్చారు. నెలసరి ఆగింది, రొమ్ముల్లో పాలొచ్చాయి. గర్భమేమోనని ఇంట్లో ఎన్ని మాటలు పడ్డదో! మందుతో ఇట్లా అవుతుందని ఒక్కరూ చెప్పలేదు. గోలీలు రాయడమే తెలుసు మీకు.

పాలమూరు సిస్టర్: చెప్పకపోవడం ఘోరం. అది ప్రొలాక్టిన్, అంటే పాలు వచ్చేలా చేసే హార్మోన్, పెరగడం. డోసు తగ్గించవచ్చు, అరిపిప్రజోల్ లాంటి మందుకు మార్చవచ్చు. ఆ కోపంతో ఇంకొకరి చెల్లె మందు మాన్పిస్తావా? రేపు ఏమన్నా అయితే నువ్వొస్తావా?

మిర్యాలగూడ అన్న: కొట్లాడకండి. చెల్లెకు సంబంధం వచ్చింది. థైరాయిడ్ అంటే ఎవరూ ఏమనరు. ఎర్రగడ్డ చీటీ కనబడితే లేచిపోతారు. నాన్న టెన్షన్ అదే.

దేవరకొండ రైతు: దాచి మాత్రం చెయ్యకు తమ్మీ. నాకూ దాచే చేశారు. నేను చూస్తానని భయపడి ఆమె గోలీలు మానేసింది. అప్పుడే ముదిరింది. చెప్పి ఉంటే నేనే తెచ్చిచ్చేవాణ్ని.

మిర్యాలగూడ అన్న: చెబితే పెళ్లే కాదు కదా అన్నా.

పాలమూరు సిస్టర్: పెళ్లయ్యాక గర్భం అనుకుంటే లిథియం సంగతి ముందే డాక్టర్‌తో తేల్చుకోవాలి, థైరాక్సిన్ డోసూ పెంచాల్సి రావచ్చు. అత్తింట్లో తెలియకుండా అవన్నీ ఎట్లా చేయించుకుంటుంది? సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి నాన్నతో మాట్లాడించు. ఇంతకూ చెల్లె ఏమంటోంది?