‘ఒంటెద్దు పోకడ’ అనే మాట బంతి ఆడే పిల్లగాడికి వర్తిస్తుందా?

అనంతపురం నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక హైస్కూల్లో పీఈటీని. మొన్న మా గ్రౌండులో అండర్-17 ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. మైకు పట్టుకున్న పెద్దాయన మా స్ట్రైకర్ (ముందుండి గోల్స్ వేసేవాడు) గురించి ఆట పొడుగునా ‘ఒంటెద్దు పోకడ’ అంటూనే ఉన్నారు. వాడు ఇద్దరిని తప్పించి మూడోవాడి కాళ్ల దగ్గర బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ అదే మాట. హాఫ్‌టైములో పిల్లగాడు నీళ్లు కూడా ముట్టుకోలేదు. టచ్‌లైను పక్కన మట్టిలో కూర్చుని షూ లేసులు విప్పుతా, మళ్లా కట్టుకుంటా ఉండిపోయినాడు. సెకండ్ హాఫ్‌లో బంతి కాలికి తగిలితే చాలు, తల ఎత్తి చూడకుండానే పక్కకు తోసేసినాడు. పాస్ ఇచ్చినట్టు కాదు, వదిలించుకున్నట్టు. వాడి ఆటే పోయింది.

మా టీములో ఇంకో స్ట్రైకర్ ఉన్నాడు. వీడు బంతిని కాలి దగ్గర ఉంచుకోడు, ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చి ఖాళీలోకి పరిగెత్తే రకం. ఇద్దరిలో ఎవరిని ఆడించాలన్నది ప్రతి మ్యాచ్‌కూ పంచాయితీనే. ఒక పిల్లగాడి నాయన వచ్చి, ‘ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు మేడం, ఎవరో ఒకరిని తేల్చేయండి’ అన్నారు.

నా సందేహాలు ఇవి. ఒంటెద్దా, ఒంటెత్తా? ఒంటెద్దు పోకడ, ఒరలో కత్తులు అనే ఈ రెండు మాటలూ ఫుట్‌బాల్ ఆటకు చెల్లుతాయా? చెల్లకపోతే మనకు వేరే మాటలు ఉన్నాయా?

తాడిపత్రి నుంచి:

మేడం, మొదటి సందేహం చిన్నది. పేపర్లలో రెండూ కనబడతాయి. ఒంటి, ఎద్దు కలిసిన మాట కాబట్టి నేను ఒంటెద్దు అనే రాస్తా. ఆ పెద్దాయన మైకులో అన్న రూపం సరైనదే. ఎవరిని అన్నారన్నదే నాకు బాధగా ఉంది.

ఈ మాట మన సేద్యంలోంచి వచ్చింది. కాడికి రెండెడ్లు కడతారు, ఒకటి ఎలపట (కుడివైపు), ఒకటి దాపట (ఎడమవైపు). కొత్తగా కొన్న ఎద్దును పాతదానితో జత కట్టి తోలేటప్పుడు చూసినవాళ్లకు తెలుస్తుంది. ఒకటి ముందుకు లాగితే రెండోది వెనకబడుతుంది, కాడి ఒకవైపుకు వాలుతుంది, మెడ ఒరుసుకుపోతుంది. రెండూ ఒకరి అడుగు ఒకరికి తెలిసేదాకా రైతు నిదానంగా తోలతాడు. ఒంటెద్దు బండికి అలవాటు పడిన ఎద్దుకు ఈ లెక్క లేదు, తన నడకే నడక. దాన్ని కాడికి కట్టిన తర్వాత కూడా పక్కదాన్ని పట్టించుకోకపోతే అది ఒంటెద్దు పోకడ. నేను అర్థం చేసుకున్నది ఇదే. ఒక్కటే ఉండి బండి లాగే ఎద్దును మన పల్లెల్లో ఎవరూ తప్పుపట్టరు. ఒంటెద్దు బండి కూడా బండే, అది కూడా బరువు మోస్తుంది. జత ఉండగా జతను లెక్కచేయకపోవడమే ఆ మాటలోని నింద.

అందుకని ఒక స్ట్రైకర్‌ను ఆ మాట అనే ముందు చూడాల్సింది ఒకటే. వాడు బంతితో పోయేటప్పుడు పక్కన జత ఉందా? మీ పిల్లగాడు ఇద్దరిని తప్పించే క్షణంలో మిగతా వాళ్లు యాడున్నారు? నేను చూసిన స్కూలు మ్యాచ్‌లలో పదింట ఎనిమిదిసార్లు మిడ్‌ఫీల్డు సెంటర్ సర్కిల్ దాటి ఉండదు. బంతి పైకి కొట్టేసి ‘పో అప్పా’ అంటారు, వీడు ఒక్కడే పోతాడు. ముగ్గురు డిఫెండర్ల మధ్య నిలబడినవాడు బంతిని ఎవరికి ఇవ్వాల? అప్పుడు డ్రిబ్లింగ్ తప్ప, అంటే బంతిని కాలితో నెట్టుకుంటూ ఎదుటివాళ్లను తప్పించుకుపోవడం తప్ప, దారి లేదు. ఆ తప్పు వాడిది కాదు, వెనకబడిన జతది.

1986 ప్రపంచకప్‌నే తీసుకోండి. జూన్ 22న మెక్సికో సిటీలో ఇంగ్లాండ్ మీద అర్జెంటీనా ఆటగాడు మరడోనా కొట్టిన రెండో గోల్ అందరికీ తెలుసు. తన సగంలోనే బంతి అందుకుని, అడ్డొచ్చినవాళ్లందరినీ దాటి, చివరికి గోల్‌కీపర్ షిల్టన్‌ను కూడా తప్పించి వేశాడు. ఆ పరుగు పొడుగునా ఎడమవైపు సొంత జట్టు వాల్దానో సమాంతరంగా పరిగెత్తుతూనే ఉన్నాడు. మరడోనా పాస్ ఇవ్వలేదు. మైకు పెద్దాయన ఉంటే ఏమనేవారో! వారం తిరక్కుండా, జూన్ 29న పశ్చిమ జర్మనీతో ఫైనల్. 2–0తో ముందున్న అర్జెంటీనాను జర్మన్లు 2–2కు లాక్కొచ్చారు. ఆట చివరికి వచ్చేసింది, మరడోనా చుట్టూ జర్మన్లు మూగి ఉన్నారు. అప్పుడు ఆయన తిప్పుకోలేదు, ఎవరినీ దాటాలని చూడలేదు. ఒక్క తాకుతో బంతిని ముందు ఖాళీలోకి వదిలాడు. సొంత జట్టు బురుచాగా పరిగెత్తి గోల్ వేశాడు, 3–2తో కప్పు వచ్చింది. అదే మనిషి, అదే కాలు. జత అక్కర ఎప్పుడు ఉందో, ఎప్పుడు లేదో తెలిసిన మనిషిని ఏ ఎద్దుతో పోల్చగలం?

ప్రొద్దుటూరు నుంచి:

అన్నా, మీ ఎలపట దాపట బాగుంది గానీ, మరడోనాను తీసుకొచ్చి పదహారేళ్ల పిల్లోళ్ల ముందు పెడితే ప్రతి ఒక్కడూ తానే మరడోనా అనుకుంటాడు. ఫుట్‌బాల్ అంటేనే పాస్. బంతి మనిషి కంటే వేగంగా పోతుంది. నేను కాలేజీ రోజుల్లో లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) ఆడినాను. నాకు డ్రిబ్లింగ్ చేసేవాణ్ని ఆపడం సులభం, దగ్గరికి రానిచ్చి కాలు పెడితే సరిపాయ. ఒక్క తాకుతో ఆడేవాళ్లే చెమటలు పట్టించేవాళ్లు. కాబట్టి ఆ పెద్దాయన మాట కటువుగా ఉండొచ్చు, తప్పు కాదు.

తాడిపత్రి నుంచి:

తమ్ముడూ, లెఫ్ట్ బ్యాక్‌గా మీరు చెప్పింది ఒప్పుకుంటా. చరిత్ర కూడా మీ వైపే కొంత నిలబడుతుంది. 1860లలో ఇంగ్లాండులో ఈ ఆట దాదాపు పూర్తిగా డ్రిబ్లింగే. ఒకడు బంతి తీసుకుని పరిగెత్తుతాడు, మిగతా వాళ్లు వెనక గుంపుగా పోతారు, వాడి దగ్గర జారితే అందుకోవడానికి. ఆఫ్‌సైడ్ నియమం అట్లా ఉండేది, ముందున్నవాడికి బంతి ఇవ్వడానికి వీల్లేదు. 1866లో ఆ నియమం సడలించి, ఎదుటి జట్టువాళ్లు ముగ్గురు ముందుంటే పాస్ ఇవ్వొచ్చన్నారు. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో స్కాట్లాండ్, ఇంగ్లాండ్ మధ్య మొదటి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది. స్కాట్లాండ్ తరఫున దిగిన పదకొండు మందీ ఒకే క్లబ్బువాళ్లు, క్వీన్స్ పార్క్. ఇంగ్లీషువాళ్లు ఒంట్లో బరువు ఉన్నవాళ్లు, డ్రిబ్లర్లు. స్కాట్లాండువాళ్లు ఒకరికొకరు అందించుకుంటూ ఆడారు. 0–0తో ముగిసింది. తర్వాతి ఏళ్లలో పాస్ ఆటే లోకం పట్టింది.

అయినా డ్రిబ్లింగ్ చావలేదు, ఎందుకని? ఎదుటి జట్టు పది మందీ తమ బాక్సు (గోల్ ముందర గీత గీసిన చోటు) ముందు గోడ కట్టి కూర్చున్నప్పుడు, అటు ఇటు పాస్‌లు ఇచ్చుకుంటే గంట గడిచిపోతుంది, గోడ కదలదు. ఒక్కడు ఒక్కణ్ని దాటితేనే రెండోవాడు తన చోటు వదిలి అడ్డం రావాలి. వాడు వదిలిన చోటే పాస్‌కు దారి. డ్రిబ్లింగ్ పాస్‌కు శత్రువు కాదు, చాలాసార్లు దానికి తల్లి. మీరు లెఫ్ట్ బ్యాక్‌గా కాలు పెట్టి ఆపిన ప్రతిసారీ మీ సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) మీకు సాయంగా ఒక అడుగు ఇటు జరిగి ఉంటాడు, గుర్తు తెచ్చుకోండి.

పిల్లలకు ఏది నేర్పాలన్నది మీ అసలు ప్రశ్న అనుకుంటా. దానికి నా జవాబు: దాటడం నేర్చినవాడికి ఇవ్వడం నేర్పొచ్చు. ఇవ్వడం మాత్రమే తెలిసినవాడికి, భయంతో ఇచ్చేవాడికి, ఇరవై ఏళ్లు వచ్చాక దాటడం నేర్పడం కష్టం. మేడం చెప్పిన సెకండ్ హాఫ్ ఆట చూడండి. తల ఎత్తకుండా తోసేసిన బంతి పాస్ కాదు. పెద్దాయన మాట వాడికి పాస్ నేర్పలేదు, బంతి అంటే భయం నేర్పింది. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది అందుకే.

ఆదోని నుంచి:

ఒర, కత్తుల సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. ఆ సామెత నిజమని నిరూపించే కథ ఒకటి నేను చెబుతా. 2002 ప్రపంచకప్‌కు అర్జెంటీనా బటిస్టుటా, క్రెస్పో ఇద్దరినీ తీసుకుపోయింది. ఇద్దరూ ఆ కాలంలో గొప్ప స్ట్రైకర్లే. కోచ్ బియెల్సా ఇద్దరినీ కలిపి ఆడించలేదు. మూడు మ్యాచ్‌లలోనూ బటిస్టుటా మొదలుపెట్టడం, అతను బయటికి వస్తే క్రెస్పో లోపలికి పోవడం. నైజీరియా మీద గెలిచి, ఇంగ్లాండ్ చేతిలో ఓడి, స్వీడన్‌తో డ్రా చేసుకుని గ్రూపు దశలోనే ఇంటికి వచ్చేశారు. ఒరలో రెండు కత్తులు ఇమడలేదు కదా?

అనంతపురం నుంచి:

అయ్యో సార్, అదే మా పిల్లోళ్ల కథ.

తాడిపత్రి నుంచి:

ఆదోని అన్నగారూ, మీ ఉదాహరణను నేను వేరేగా చదువుతా. ఆ సామెత పుట్టింది అధికారం గురించి. ఒక ఇంట్లో ఇద్దరు పెత్తందార్లు, ఒక ఊళ్లో ఇద్దరు నాయకులు. ఒర ఒకటే, అందులో దూరేది ఒకటే. మన సీమలో ఆ మాట వింటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అదే. జట్టులో పెత్తనం కోచ్‌ది, ఇక్కడ మేడంది. స్ట్రైకర్లు ఇద్దరూ ఆమె చేతి కింద ఉన్నవాళ్లు. అక్కడ ఒర అనే చోటే లేదు.

1999 మే 26న బార్సిలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల పోటీ) ఫైనల్ చూడండి. ఇంగ్లీషు క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆ ఏడు నలుగురు స్ట్రైకర్లు: కోల్, యార్క్, షెరింగమ్, సోల్‌షేర్. కోల్, యార్క్ జోడెద్దుల్లాంటివాళ్లు, ఒకరి పరుగు ఒకరికి ముందే తెలిసేది. ఇక కోల్, షెరింగమ్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు. ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదని కోల్ తానే తర్వాత చెప్పాడు. ఒరలో ఇమడని కత్తులంటే అంతకంటే ఏముంటాయి? ఫైనల్లో ఎదుటి జట్టు బయర్న్ మ్యూనిక్ ఆరో నిమిషంలోనే గోల్ వేసింది. కోల్, యార్క్ జోడీ ఆ రోజు గోల్ వేయలేకపోయింది. షెరింగమ్ లోపలికి వచ్చాడు. తర్వాత కోల్‌ను బయటికి పిలిచి సోల్‌షేర్‌ను పంపించారు. తొంభై నిమిషాలు అయిపోయాక షెరింగమ్ గోల్ వేసి సమం చేశాడు. మళ్లీ వెంటనే బెక్‌హమ్ కార్నర్ కొట్టాడు, షెరింగమ్ తలతో తాకించాడు, సోల్‌షేర్ కాలు చాపి లోపలికి తోశాడు. బెంచీ మీది నుంచి వచ్చిన ఇద్దరే గెలిపించారు, ఒకడు అందిస్తే ఇంకొకడు వేశాడు.

అర్జెంటీనా కథ కూడా 2002తో ఆగిపోలేదు. 2022 ప్రపంచకప్‌లో వాళ్ల స్ట్రైకర్ లౌటారో మార్టినెజ్ మొదటి రెండు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, గోల్ పడలేదు. మూడో మ్యాచ్ నుంచి అతని చోటు హులియన్ ఆల్వరెజ్‌కు పోయింది, ఆల్వరెజ్ నాలుగు గోల్స్ వేశాడు, కప్పు వచ్చింది. లౌటారో అలిగి కూర్చోలేదు. నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీల దాకా పోతే, గెలిపించిన చివరి పెనాల్టీ అతనిదే. 2024 కోపా అమెరికాలోనూ (దక్షిణ అమెరికా దేశాల కప్పు) ఎక్కువగా బెంచీ మీదే మొదలుపెట్టి ఐదు గోల్స్ వేశాడు, అందరికంటే ఎక్కువ. ఫైనల్లో కొలంబియా మీద 112వ నిమిషంలో పడిన ఒకే ఒక్క గోల్ కూడా అతనిదే.

కర్నూలు నుంచి:

మరి ఇంగ్లీషులో స్క్వాడ్ డెప్త్ అంటారే, దానికి మనకు ఏ మాట ఉంది? పేపర్లో ‘రిజర్వ్ బెంచ్ పటిష్ఠంగా ఉంది’ అని రాస్తారు. నాకు ఎప్పుడూ అతికినట్టు అనిపించదు.

తాడిపత్రి నుంచి:

మాట మన నోట్లోనే ఉంది సార్: బలగం. ‘వానికి బలం ఉంది, బలగం ఉంది’ అంటాం కదా. బలం అంటే సొంత సత్తువ, బలగం అంటే అవసరానికి వెనక నిలబడే మనుషులు. మైదానంలోకి దిగిన పదకొండు మంది జట్టు బలం, బయట కూర్చున్నవాళ్లు బలగం. ఈ కాలం ఆటలో బలగం విలువ ఇంకా పెరిగింది. ప్రపంచకప్‌లో 1970కి ముందు మధ్యలో ఆటగాణ్ని మార్చే వీలే లేదు. కాలు విరిగినా పది మందే ఆడాలి. ఆ ఏడు ఇద్దరిని మార్చనిచ్చారు, తర్వాత ముగ్గురైంది. కోవిడ్ వచ్చాక 2020లో తాత్కాలికంగా ఐదుగురన్నారు, 2022లో నియమావళిలోనే ఐదు పెట్టేశారు. 2022 ప్రపంచకప్‌కు జట్టును కూడా 23 నుంచి 26 మందికి పెంచారు. ఐదుగురిని మార్చగలిగినప్పుడు ఇద్దరు స్ట్రైకర్లలో ఒకరిని తేల్చేయాల్సిన పని ఏముంది? మన ఎండలో, మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లో, ఎనభై నిమిషాలు ఒక్కడే ముగ్గురి మీదికి పరిగెత్తాలంటే అయ్యే పని కాదు.

ప్రొద్దుటూరు నుంచి:

బలగం మాట బాగుంది. డ్రిబ్లింగ్ విషయంలో మాత్రం నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలా అన్నా. ఒక్క కండిషన్: సొంత బాక్సు దగ్గర తిప్పేవాణ్ని ఏ ఎద్దుతో పోల్చినా తప్పులేదు.

తాడిపత్రి నుంచి:

దానికి నేనూ ఒప్పుకుంటా తమ్ముడూ. సొంత గోల్ ముందర డ్రిబ్లింగ్ చేసేవాడి పక్కన జతగాళ్లు నలుగురుంటారు, వాళ్లను లెక్కచేయలేదంటే మాట అతికినట్టే. ఎదుటి బాక్సు దగ్గర మాత్రం అనొద్దు.

అనంతపురం నుంచి:

చాలా సంతోషం అందరికీ. మైకు పెద్దాయన మా వీధే, మంచి మనిషి, ఆటంటే ప్రాణం. ఈ చర్చ ప్రింటు తీసి ఆయనకు ఇస్తాను. వచ్చే మ్యాచ్‌లో ఇద్దరినీ మొదటి నుంచే ముందు ఆడించి చూద్దామనుకుంటున్నా, డ్రిబ్లింగ్ చేసేవాణ్ని ఎడమ పక్కన, పాస్ ఇచ్చేవాణ్ని మధ్యలో. జోడెద్దులు అవుతారా కాదా అన్నది నాలుగైదు మ్యాచ్‌లు పోతేగాని తెలియదు. ఇంకో సందేహం మిగిలింది: జోడెద్దులా, జోడెడ్లా? మైకులో ఏది బాగుంటుంది?

తాడిపత్రి నుంచి:

బహువచనంలో ఎడ్లు, ఎద్దులు రెండూ ఉన్నాయి మేడం. జోడెడ్లు మన పల్లె నోటికి దగ్గర, జోడెద్దులు పేపర్లలో ఎక్కువ. మైకులో అయితే నేను జోడెడ్లే అంటా, గ్రౌండు అవతలి కొస దాకా స్పష్టంగా వినబడుతుంది.