‘ది రైట్ స్టఫ్’ గస్ గ్రిస్సమ్‌కు అన్యాయం చేసిందా?

పాతరీలు:
టెస్ట్ పైలట్ల మీద, అమెరికా తొలి మానవ అంతరిక్ష కార్యక్రమమైన మెర్క్యురీ వ్యోమగాముల మీద 1983లో ఫిలిప్ కాఫ్‌మన్ తీసిన ఈ సినిమా గొప్పదే, కాదనను. కానీ వాళ్లలో ఒకరైన గ్రిస్సమ్ దగ్గర తప్పు చేసింది. 1961 జులై 21న ఆయన లిబర్టీ బెల్ 7 క్యాప్సూల్‌లో పదిహేను నిమిషాల పైచిలుకు ప్రయాణించి అట్లాంటిక్‌లో దిగారు. హెలికాప్టర్ వాళ్లు కొక్కెం తగిలించేలోపే క్యాప్సూల్ తలుపు పేలి ఎగిరిపోయింది. లోపలికి నీళ్లు చేరి క్యాప్సూల్ మునిగింది. ‘కంగారుపడి ఆయనే పేల్చేసుకున్నాడు’ అన్న ముద్ర సినిమా చూసినవాళ్లలో మిగిలిపోయింది. ఆధారాలు అలా చెప్పడం లేదు.

విమానాలపిచ్చి:
ఆయన చెయ్యి ప్లంజర్ (తలుపు పేల్చడానికి లోపలి నుంచి కొట్టే మీట) మీద పడినట్టు సినిమా చూపించలేదండీ. అప్పట్లో తోటివాళ్లు గుసగుసలాడుకున్నదే చూపించింది. పైగా ఒక సంగతి మరిచిపోకూడదు. ప్లంజర్ మూత, సేఫ్టీ పిన్ను ఆయనే ముందుగా తీసిపెట్టుకున్నారు. పిన్ను ఉంటే దాదాపు 40 పౌండ్ల బలంతో కొట్టాలి. పిన్ను తీశాక 5, 6 పౌండ్లు చాలు, అంటే రెండున్నర కిలోలు. ఇరుకు క్యాప్సూల్లో ప్రెషర్ సూట్ వేసుకున్న మనిషి మోచెయ్యి తగిలినా సరిపోతుంది. కాబట్టి ఏదీ తేల్చకుండా వదిలేయడం న్యాయమే.

బోల్టు70:
ఆ తలుపు ఎలా పనిచేస్తుందో చూడకుండా ఈ వాదన ముందుకు సాగదు. అంతకుముందు వెళ్లొచ్చిన వ్యోమగామి షెపర్డ్ క్యాప్సూల్‌కు ఉన్నది 69 పౌండ్ల మెకానికల్ తలుపు. బరువు తగ్గించడానికి గ్రిస్సమ్ క్యాప్సూల్‌కు పేలుడు తలుపు పెట్టారు, అది 23 పౌండ్లే. పావు అంగుళం టైటానియం బోల్టులు 70. విరగాల్సిన చోట ఒక్కో బోల్టుకు 0.06 అంగుళాల సన్నని రంధ్రం. తలుపు చుట్టూ రెండు సీళ్ల మధ్య కాలువలాంటి సందులో డిటొనేటింగ్ ఫ్యూజ్. అది పేలితే 70 బోల్టులూ ఒకేసారి తెగుతాయి.

ప్లంజర్ కొట్టినప్పుడు అది గట్టిగా వెనక్కి తంతుంది, అసలు కీలకం అదే. మరో మెర్క్యురీ వ్యోమగామి జాన్ గ్లెన్ 1962 ఫిబ్రవరిలో ఓడ డెక్ మీద తలుపు పేల్చుకున్నప్పుడు గ్లవ్ లోపల వేలి కణుపులు దోక్కుపోయాయి. అదే ఏడాది అక్టోబరులో ఇంకో వ్యోమగామి వాలీ షిరా చేతికీ దెబ్బ తగిలింది. గ్రిస్సమ్ చేతి మీద గీత కూడా లేదు.

విమానాలపిచ్చి:
చేత్తో కొట్టలేదని అది రుజువు చేస్తుంది, ఒప్పుకుంటాను. మోచెయ్యో భుజమో తగల్లేదని రుజువు చెయ్యదు. విచారణ బృందం ఉప్పునీళ్లలో ముంచి, వేడి చేసి, కుదిపి చూసినా ప్లంజర్ తగలకుండా తలుపు పేలలేదు కదా?

బోల్టు70:
పేలలేదు, నిజమే. కానీ ఆ బృందంలో ఉన్న షిరాయే, పైలట్ పొరపాటున ప్లంజర్‌ను తగిలే అవకాశం బహు తక్కువ అన్నారు. తలుపు పేల్చడానికి బయటి నుంచి రక్షకులు లాగేందుకు ఇంకో తాడు కూడా ఉండేది. అది ఊడి లాగుకుపోయిందని లాంచ్‌ప్యాడ్ బాధ్యుడు గుంటర్ వెంట్ నమ్మారు.

సముద్రనీలం:
స్టాటిక్ కరెంటు వాదన ఎవరూ ఎత్తలేదు. తిరిగే రోటర్ వల్ల హెలికాప్టర్ బాడీ మీద చార్జ్ పేరుకుంటుంది. కొక్కెం వేసే ముందు కోపైలట్ క్యాప్సూల్ పైన నిలబడ్డ యాంటెనాను కట్టర్‌తో కత్తిరించాలి. కట్టర్ యాంటెనాకు తగిలినప్పుడు నిప్పురవ్వ ఎగిరిందని, అదే క్షణంలో తలుపు ఊడిందని ఆ కోపైలట్ తర్వాత చెప్పారు. గ్రిస్సమ్ జీవితచరిత్ర రాసిన జార్జ్ లియోపోల్డ్ మొగ్గు అటే.

బోల్టు70:
దానికి ఒక అభ్యంతరం ఉంది. ప్లంజర్ లోపల వైరింగు లేదు. లోపలి ఫైరింగ్ పిన్ను (సేఫ్టీ పిన్ను కాదు) వెళ్లి పేలుడు క్యాప్‌ను కొడితేనే మంట పుడుతుంది. స్టాటిక్ స్పార్క్ అంత దూరం ప్రయాణించి ఆ పేలుడు పదార్థాన్ని అంటించగలదా అన్నది ఇంకా తేలాల్సిందే. 1999లో 4,500 మీటర్లకు పైగా లోతు నుంచి క్యాప్సూల్‌ను పైకి తీశారు గానీ తలుపు దొరకలేదు.

పాతరీలు:
తలుపు సంగతి అలా ఉంచి, కంగారు సంగతి చూద్దాం. నీళ్లలో తేలుతూ ఆయన హెలికాప్టర్ వాళ్లను మరికొన్ని నిమిషాలు ఆగమన్నారు. ఆ సమయంలో గ్రీజు పెన్సిల్‌తో స్విచ్చులు ఏ స్థితిలో ఉన్నాయో గుర్తుపెట్టుకుంటున్నారు. ఎప్పుడు బయటపడదామా అని తల్లడిల్లే మనిషి ఇంకాసేపు ఆగమంటాడా? సినిమా ఆ పనికి నాలుగు క్షణాలిచ్చినా ప్రేక్షకుడు వేరే మనిషిని చూసేవాడు.

కొట్టుకులాడింది తర్వాత. సూట్‌కు ఆక్సిజన్ గొట్టం తగిలించే వాల్వు మూయడం మరిచిపోయారు. అందులోంచి నీళ్లు లోపలికొచ్చి, గాలి బయటికి పోయి, సూట్ బరువెక్కి మునగసాగింది. మొదటి హెలికాప్టరేమో నీళ్లు నిండిన క్యాప్సూల్‌ను ఎత్తలేక సతమతమవుతోంది. ఇంజిన్ హెచ్చరిక దీపం వెలగడంతో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. గ్రిస్సమ్ చెయ్యి ఊపుతుంటే బాగానే ఉన్నాడనుకున్నారు పైవాళ్లు. మునిగిపోతున్నవాడి భయాన్ని తలుపు పేలకముందు నాటి మనిషికి అంటించడమే సినిమా చేసిన తప్పు.

విమానాలపిచ్చి:
ఆ వాల్వు సంగతి సినిమాలో స్పష్టంగా ఉండాల్సింది, అక్కడ మీతో ఏకీభవిస్తాను. ముగింపులో 1967 అపోలో అగ్నిప్రమాదంలో ఆయన మరణాన్ని వ్యాఖ్యాత ఒక్క వాక్యంతో దాటేసి మరో మెర్క్యురీ వ్యోమగామి గోర్డన్ కూపర్ మీదికి వెళ్లిపోతాడు. 1965లో, మెర్క్యురీ తర్వాతి కార్యక్రమమైన జెమినిలో తొలి మానవ యాత్రకు నాసా ఆయన్నే కమాండర్‌గా పంపింది. అపోలో తొలి సిబ్బందికీ ఆయనే కమాండర్. తలుపు పేల్చుకున్నాడని నమ్మితే అలా పంపరు.

సముద్రనీలం:
ఆ ఘటన తర్వాత పద్ధతి మార్చారు కూడా. కొక్కెం తగిలించి, కేబుల్ బిగిసి బరువు పడేదాకా సేఫ్టీ పిన్ను తీయకూడదని నిబంధన పెట్టారు. లిబర్టీ బెల్ 7 రోజున ఆ వరుస తిరగేసి ఉంది.