అప్‌డేట్: రెండు స్కూల్ బ్యాగులు, ఒక సైకిల్

హ్యాండిల్‌కు రెండు బ్యాగులు తగిలిస్తే ముందు చక్రం ఊగిపోతోంది, ఏం చేయాలని అడిగాను కదా. వెనక క్యారియర్ మీదికి మార్చమన్నవాళ్ళ మాటే సరైంది.

బరువైన బ్యాగు కింద, తేలికది పైన పడుకోబెట్టాలి. పుస్తకాలున్న వైపు సీటుకు ఆనాలి. ప్లాస్టిక్ తాడు వద్దు, గతుకులకు వదులైపోతుంది. పాత ట్యూబ్‌ను రెండు వేళ్ళ వెడల్పున పొడుగ్గా కోసి, రెండు ముక్కలు అడ్డదిడ్డంగా కాకుండా గుణకారం గుర్తులా లాగి కట్టండి. అసలు ప్రమాదం భుజం పట్టీలతోనే: వేలాడితే చువ్వల్లో చుట్టుకుని చక్రం పట్టేస్తుంది. ముందు వాటిని బ్యాగు మీదే ముడేసి, తరవాతే ట్యూబ్ బిగించాలి. ట్యూబ్ కొసలు కూడా లోపలికి దోపేయాలి.

బ్యాగు పడుకుంటుంది కాబట్టి సాంబారన్నం డబ్బా, నీళ్ళ సీసా అందులో ఉండకూడదు. ముందు బుట్టలో నిలబెట్టాలి. సైడ్ స్టాండ్ మీద ఉండగా బరువు ఎక్కించొద్దు, సైకిల్ ఒరిగిపోతుంది. డబుల్ స్టాండ్ కావాలి. క్యారియర్ కాళ్ళ నట్లు వారానికోసారి బిగించండి.

ఇంకోటి, మూడు నుంచి ఐదో తరగతి వరకు బ్యాగు 2-3 కిలోలే ఉండాలని 2018లో కేంద్రం ఆదేశించింది. ఒకసారి తూచి చూడండి.