తెల్లవారుజామున కింద ఆకు కదలదు, 100 మీటర్ల ఎత్తులో డ్రోన్ నిలవదు: ఎందుకు?

మ్యాపింగ్_బాపట్ల
బాపట్ల–సూర్యలంక మధ్య పొలాల సర్వే. మే నెల, పొద్దున 5:45. కింద గాలే లేదు, యాప్‌లో గంటకు 4 కి.మీ. డ్రోన్ 70 మీటర్లు దాటగానే గాలి హెచ్చరిక, 100 దగ్గర ఈశాన్యానికి కొట్టుకుపోతోంది. 9 తర్వాత అదే ఎత్తులో హాయిగా నిలుస్తోంది, కింద మాత్రం దుమ్ము లేస్తోంది. మధ్యాహ్నం దిక్కే మారిపోతోంది. సెన్సర్ తేడానా? ఏ వేళ ఎగరేయాలి?

పైలట్_బెలూన్
సెన్సర్ బాగానే ఉందండీ. పగలు నేల కాగి గాలి పైకీ కిందికీ కలియబడుతుంది, దాంతో నేల ఒరిపిడి పైదాకా పాకుతుంది. పొద్దుగూకాక నేల చల్లారి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి కదలకుండా పడి ఉంటుంది. పై పొరకి ఇక నేల పట్టు ఉండదు. 200–500 మీటర్ల మధ్య రాత్రంతా వేగం పుంజుకుంటుంది. 1957లో వాతావరణ శాస్త్రవేత్త బ్లాకడార్ వివరించింది ఇదే. వేసవిలో మన తీరం వెంట ఆ గాలి దక్షిణ నైరుతి నుంచి తోలుతుంది, మీ డ్రోన్ పోయిన దిక్కు దానికి సరిపోయింది.

యాప్ చూపేది 10 మీటర్ల ఎత్తులోని గాలి. ఎత్తు పదింతలైతే 10కి ఘాతం వేసి వచ్చిన సంఖ్యతో వేగాన్ని గుణించాలి. ఎండపూట ఘాతం 0.14 వేస్తే కింద 3 మీ/సె ఉన్నది పైన 4.1. తేటగా ఉన్న రాత్రి 0.3 వేస్తే 6. కింద గాలి పూర్తిగా పడిపోతే ఈ లెక్క దండగ. విండీ అనే వాతావరణ యాప్‌లో 100 మీటర్లు, 950 హెక్టోపాస్కల్ (సుమారు 500–600 మీ.) పొరలు చూడండి. మచిలీపట్నం వాతావరణ బెలూన్ (స్టేషన్ నంబరు 43185) ఉదయం 5:30 రీడింగ్ వ్యోమింగ్ యూనివర్సిటీ సైట్లో ఉంటుంది.

లేచేటప్పుడు 20, 40, 60, 80 దగ్గర అరనిమిషం ఆపి ఎంత వాలుతోందో చూడండి. చాలా చిన్న డ్రోన్ల హద్దు 10.7 మీ/సె. ముందు ఎదురుగాలికి వెళ్ళి, వాలుగాలికి తిరిగి రావాలి. ఇరుక్కుంటే చెట్లూ తీగలూ చూసుకుని 30 మీటర్లకు దించి తెచ్చుకోండి. ఆటో రిటర్న్ నొక్కితే ముందే పెట్టిన ఎత్తుకి ఎక్కి ఎదురుగాలితో కుస్తీ పడుతుంది. బ్యాటరీ అక్కడే అయిపోతుంది.

ఉప్పుగాలి
పై జవాబు సరే. మధ్యాహ్నం దిక్కు మారేది సముద్రపు గాలి వల్ల. అక్కడి తీరం ఆగ్నేయానికి చూస్తుంది కాబట్టి ఆ గాలి అటునుంచే వస్తుంది. పడమటి గాలి మెతగ్గా ఉంటే సముద్రపు గాలి 10–11కే వస్తుంది. గట్టిగా ఉంటే 2–3 దాకా తీరం దగ్గరే ఆగిపోతుంది, ఒక్కోరోజు అసలు రాదు. తీర జిల్లాలు 44–45 డిగ్రీలకు మాడేది ఆ రోజుల్లోనే. వచ్చేటప్పుడు నిమిషాల్లో వేడి తగ్గి ఉక్క పెరుగుతుంది. సముద్రపు గాలి ముందంచు మీద గాలి పైకి లేస్తుంది, డ్రోన్ కుదుపులకు లోనవుతుంది. అది దాటేవరకు దించి ఉంచడమే మేలు. మొత్తమ్మీద 8:30 నుంచి 10 వరకు మీ వేళ. సముద్రం వైపు వాతావరణ స్టేషన్‌లో గాలి దిక్కు మారితే బ్యాటరీ మార్చకుండా ఆపేయండి.

మ్యాపింగ్_బాపట్ల
ధన్యవాదాలు ఇద్దరికీ. మరి నీళ్ళ మీద, ఒడ్డుకి 5 కి.మీ. అవతల కూడా ఇంతేనా?

ఉప్పుగాలి
కాదు. సముద్రం పైపొర వేడి పగలూ రాత్రీ సాధారణంగా ఒక డిగ్రీ లోపే మారుతుంది. అందుకే నడిసముద్రంలో గాలి 24 గంటలూ దాదాపు ఒకే తీరు. ఒడ్డు దగ్గర, మే రాత్రి 30 డిగ్రీల నీటి మీదికి నేల నుంచి చల్లగాలి జారితే అది కలియబడుతుంది, 10 మీటర్లకీ 100 మీటర్లకీ తేడా తక్కువ. కానీ మధ్యాహ్నం 42 డిగ్రీల పడమటి గాలి ఆ నీటి మీదికి వెళితే కథ తిరగబడుతుంది: కింద చల్లబడి నిలిచిపోతుంది, పైన తోసేస్తుంది. అంటే మీరు తెల్లవారుజామున నేల మీద చూసినదే అక్కడ మిట్టమధ్యాహ్నం ఎదురవుతుంది. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయని బోటు మీంచి 100 మీటర్లకు ఎగరేయకండి, ఆ గాలి సముద్రం లోపలికే తోస్తుంది.