గ్రెటా వాన్ ఫ్లీట్ ‘స్టార్‌క్యాచర్’: పాత బాణీలో వాయిస్తే నకలేనా?

ప్రశ్న: గట్టుమీద శ్రోత (భీమవరం దగ్గర)

మాది రొయ్యల సాగు. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి తెల్లవార్లూ ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే క్షణాల మీద జనరేటర్ వేయాలి. అందుకని చాలా రాత్రులు చెరువు గట్టు మీద షెడ్డులోనే నా కాపలా. నిద్ర పట్టకుండా రాక్ సంగీతం వింటాను. కాలేజీ రోజుల్లో పట్టుకున్న ఇష్టం ఇప్పటికీ వదల్లేదు.

గ్రెటా వాన్ ఫ్లీట్ అనే రాక్ బృందం మూడో స్టూడియో ఆల్బమ్ ‘స్టార్‌క్యాచర్’ 2023 జూలైలో వచ్చినా, నేను వినడం ఈ మధ్యనే. తెలియని వారి కోసం: అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్రాంకెన్‌ముత్ అనే చిన్న ఊరి కుర్రాళ్లు. జాష్, జేక్ కవలలు; ఒకరు పాడతారు, ఒకరు గిటార్. తమ్ముడు శామ్ బేస్ గిటార్‌తో పాటు కీబోర్డు కూడా చూసుకుంటాడు. డ్రమ్స్ డ్యానీ వాగ్నర్. 2018లో మొదటి ఆల్బమ్ వచ్చినప్పటి నుంచీ వీళ్లను 1970ల నాటి ప్రసిద్ధ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ నీడ అంటూనే ఉన్నారు.

నాకు ఈ ఆల్బమ్ ఎంతగానో నచ్చింది. ముఖ్యంగా ‘మీటింగ్ ద మాస్టర్’. మామూలు గిటార్ మీద నెమ్మదిగా, భజన మొదలైనట్టు మొదలవుతుంది. గురువును చేరుకున్న శిష్యుడి మాట అది. పోను పోను వాద్యాలన్నీ వచ్చి చేరతాయి, చివరికి జాష్ గొంతు చించుకుని అరుస్తాడు. ఆ అరుపు దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మా అన్నగారి అబ్బాయికి వినిపిస్తే, “అసలు జెప్పెలినే ఉండగా ఈ నకలు ఎందుకు బాబాయ్?” అన్నాడు. వాడి మాట నన్ను వదలడం లేదు. నిజంగా ఇది నకలేనా? ఇంకో సందేహం. 2021లో వచ్చిన రెండో ఆల్బమ్ కంటే ఇందులో వాద్యాలు పక్కనే నిలబడి వాయిస్తున్నట్టు వినిపిస్తున్నాయి. ఎందుకని? అయితే చెరువు దగ్గర బేస్ (కింది స్థాయి శబ్దం) మాత్రం సరిగా తెలియడం లేదు, అదీ చెప్పండి.

జవాబు: పాత మైకుసెట్టు (అమలాపురం)

రెండో సందేహంతో మొదలుపెడతాను, అది నా పని కాబట్టి.

రెండో ఆల్బమ్ నిర్మాత గ్రెగ్ కర్స్టిన్. అందులో గంటకు పైగా సంగీతం, పొర మీద పొర, పెద్ద వాద్యబృందాన్ని తలపించే హంగు. ‘స్టార్‌క్యాచర్’కు నిర్మాతగా డేవ్ కాబ్‌ను తెచ్చుకుని, అమెరికాలోని నాష్‌విల్‌ నగరంలో ఉన్న ఆర్‌సీఏ స్టూడియోలో రికార్డు చేశారు. పది పాటలు, ముప్పావు గంట లోపే ముగుస్తుంది. కాబ్ పద్ధతి పేరున్నదే: అందరినీ ఒకే గదిలో నిలబెట్టి కలిపి వాయింపించడం. ఆయన పనిచేసిన ఆర్‌సీఏ స్టూడియో ఏ 1960ల నాటి పెద్ద హాలు. 2014లో దాన్ని కూల్చి ఫ్లాట్లు కట్టబోతే సంగీతకారులు అడ్డుపడ్డారు, చివరికి దాతలు కొని కాపాడారు. వాళ్లకు ఎంత దండం పెట్టినా తక్కువే.

ఒకే గదిలో వాయిస్తే డ్రమ్ముల చప్పుడు గిటార్ మైకులోకీ కొంత వెళుతుంది, గిటార్ డ్రమ్ముల మైకులోకి వస్తుంది. గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దం అన్నిటిలోనూ ఉంటుంది. మన చెవి ఆ కలగలుపును బట్టే ‘వీళ్లంతా ఒక్కచోట ఉన్నారు’ అని పోల్చుకుంటుంది. దీనికి చెల్లించాల్సిన మూల్యం ఏమిటంటే, ఒకరు తడబడితే ఆ ఒక్క ముక్క తీసి అతికించడం కష్టం, అందరూ మళ్లీ వాయించాలి. అందుకే అలా వాయించేవాళ్లు ఒకరినొకరు వింటారు. ఈ ఆల్బమ్‌లోని ‘ద ఆర్చర్’లో డ్రమ్స్ ఎక్కడ తగ్గుతాయో, అక్కడ గిటార్ ఎలా ఊపిరి తీసుకుంటుందో గమనించండి.

ఇక ఆ గిటార్ శబ్దం. మా నాన్నగారి మైకుసెట్టులో వాల్వు యాంప్లిఫయర్ ఉండేది. స్విచ్ వేయగానే పలకదు. గాజు బుడ్డి లోపల తీగ నారింజ రంగుకు తిరిగి, వెనక రేకు కాస్త వేడెక్కాక, అప్పుడు హారన్లలో సన్నగా గుయ్‌మని మొదలయ్యేది. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో కొబ్బరి చెట్లకు హారన్లు కట్టి, ప్రభలు వచ్చే వేళకు సౌండు పూర్తిగా పెంచేవాళ్లం. మోయలేనంత పెంచినా ఆ యాంప్లిఫయర్ శబ్దం చిక్కబడేదే తప్ప చిట్లేది కాదు. తర్వాత కొన్న ట్రాన్సిస్టర్ పెట్టెలో ఒక గీత దాటితే చాలు, బరబరమని చెవులు కోసేది. కారణం ఉంది. పరిమితి దగ్గర పడేకొద్దీ వాల్వు శబ్ద తరంగపు కొనను మెల్లగా వంచుతుంది, ట్రాన్సిస్టర్ దాన్ని ఒక్కసారిగా నరికేస్తుంది. మా పెట్టెలో ఉన్నది ఈఎల్ 34 అనే వాల్వు. రాక్ వాళ్లు ప్రాణంగా చూసుకునే మార్షల్ యాంప్లిఫయర్లలోనూ అదే! జేక్ చేతిలో ఉండేది 1961 నాటి గిబ్సన్ ఎస్‌జీ గిటార్. అలాంటి గిటార్‌ను అలాంటి వాల్వు గుండా పంపితే 1970 నాటి శబ్దమే వస్తుంది. అది దొంగతనం కాదు, ఆ పనిముట్ల స్వభావం.

మీ అబ్బాయికి ఒక సంగతి చెప్పండి. జెప్పెలిన్ 1969 నాటి ‘హోల్ లాటా లవ్’లో మాటలు, అమెరికా బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ రాయగా గాయకుడు మడ్డీ వాటర్స్ 1962లో పాడిన పాటలోవి. డిక్సన్ 1985లో దావా వేస్తే 1987లో రాజీ చేసుకున్నారు. అసలు అనుకుంటున్నదాని వెనక ఇంకో అసలు ఉంది. జెప్పెలిన్‌ను తగ్గించడానికి అనడం లేదు, వాళ్లంటే నాకు ప్రాణం. ఎక్కడి నుంచి తెచ్చుకున్నారన్న దానికంటే, తెచ్చుకుని ఏం చేశారన్నదే చూడాలి.

జవాబు: రెండో చరణం (రాజమహేంద్రవరం)

శబ్దం గురించి మాస్టారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ అబ్బాయి మాటలో బలం ఉంది. జెప్పెలిన్ వాళ్లు రెండు ఆల్బమ్‌లతో శిఖరం మీద ఉండి కూడా, వేల్స్ కొండల్లో ఒక పాత ఇంటికి పోయి పాటలు కట్టుకొచ్చారు. 1970లో వచ్చిన మూడో ఆల్బమ్ రెండో వైపంతా దాదాపు జానపద ధోరణే. అభిమానులు బిత్తరపోయారు. గ్రెటా వాళ్ల మూడో ఆల్బమ్‌లో నాకు అలాంటి తెగింపు కనిపించలేదు. జాష్ గొంతు ఎప్పుడూ తారస్థాయిలోనే ఉంటుంది, మంద్రంలో ఏం చేయగలడో మనకు తెలియనే తెలియదు. నక్షత్రాలు, ఖడ్గాలు, యాత్రికులు అంటూ పాటలన్నిటా ఒకే సామగ్రి. ఒక్క ఊరి పేరు, ఒక్క మనిషి ముఖం కనపడదు.

అలాగని పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైటు వాళ్లు మొదటి ఆల్బమ్‌కు పదికి 1.6 వేయడం మాత్రం అన్యాయం. ఆ తర్వాతి ఏడాదే, అంతకుముందు తెచ్చిన చిన్న రికార్డుకు గ్రామీ వచ్చింది, ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా. వాయిద్యం మీద వాళ్లకున్న పట్టును నేను ఎన్నడూ కాదనను. రాత మీదే నా పేచీ.

జవాబు: ఐదు తీగలు (పాలకొల్లు)

నేను మాండొలిన్ నేర్పుతాను. మా ఊరివాడైన కర్ణాటక మాండొలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ గురించి చెప్పకుండా ఈ చర్చను దాటలేను.

శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయన మాండొలిన్ వాయించేవారు కాదు. పాడి వినిపిస్తే, పిల్లవాడు విన్నదాన్ని తీగ మీద పలికించేవాడు. జంట తీగల పరాయి వాద్యాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చి, విద్యుత్తు జోడించాడు. గమకం (స్వరాన్ని ఊపే తీరు) సాగాలంటే నాదం నిలవాలి కదా. కీర్తనలు త్యాగరాజువే, రాగాలు శతాబ్దాల నాటివే. గురువు బాణీ పట్టుకున్నాడని మనవాళ్లు తప్పుపట్టలేదు, గౌరవించారు. మన కచేరీల్లో కొత్తదనాన్ని వెతికే చోటు వేరు. ఆలాపనలో, స్వరకల్పనలో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించే నేర్పు, ఏపాటిదో చూస్తాం.

ఈ నలుగురినీ నేను అలాగే వింటాను. ‘ద ఆర్చర్’, ‘ఫేర్‌వెల్ ఫర్ నౌ’ వింటే, బాణీ అప్పు తెచ్చుకున్నదైనా దాన్ని విస్తరించే తీరు వీళ్ల సొంతమనిపిస్తుంది. ‘రన్‌వే బ్లూస్’ మాత్రం నిమిషం దాటగానే ముగించేశారు. మంచి ఊపు మీదున్న దాన్ని మధ్యలో వదిలేయడం నాకు నచ్చలేదు. రాజమహేంద్రవరం వారు రాత గురించి అన్నది నిజమే, అయితే రాగం వినేటప్పుడు నేను సాహిత్యాన్ని కాస్త పక్కన పెట్టగలను.

జవాబు: గట్టుమీద శ్రోత

అందరికీ నమస్కారాలు. మడ్డీ వాటర్స్ పాట వెతికి మా అబ్బాయికి పంపాను. “సరే బాబాయ్, కానీ ఆ రెండో చరణం గారు చెప్పిందే కరెక్టు” అన్నాడు. గొంతు విషయంలో ఇప్పుడు నాకూ అలాగే తోస్తోంది. అయినా ‘మీటింగ్ ద మాస్టర్’ మీద ప్రేమ చెక్కు చెదరలేదు. మాస్టారూ, బేస్ సంగతి మిగిలిపోయింది. బయటి రొదను అణిచే హెడ్‌ఫోన్ కొనమంటారా?

జవాబు: పాత మైకుసెట్టు

చెరువు దగ్గర వద్దండి. ఏరేటర్ రొదలో ఎక్కువ భాగం కింది స్థాయిలోనే ఉంటుంది, బేస్ గిటార్ పలికేదీ అక్కడే. ఒకే స్థాయిలో పెద్ద శబ్దం చిన్నదాన్ని మింగేస్తుంది. రొదను అణిచే హెడ్‌ఫోన్ పెడితే శామ్ వేళ్లు చక్కగా వినిపిస్తాయి, నిజమే. కానీ ఒక ఏరేటర్ ఆగిపోయినా మీకు తెలియదు. గట్టు మీద ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవిని చెరువుకు వదిలేయండి. రొయ్యల పట్టుబడి అయ్యాక ఇంట్లో ఒక మధ్యాహ్నం స్పీకర్లు గోడకు జానెడు దూరంలో పెట్టి, మొదటి పాట నుంచి వరసగా వినండి. గోడకు మరీ ఆనిస్తే బేస్ ఉబ్బిపోతుంది.